దాటని సంఖ్య, ఆగిపోయే సూది: ఒక యువ నవల రాతప్రతి మీద జరిగిన పని

పదిహేను, పదహారేళ్ల పిల్లల కోసం తెలుగులో నవల రాసేవాళ్లు తక్కువ. వాళ్లలోనూ చావు గురించి, జనాభా నియంత్రణ గురించి భవిష్యత్తులో జరిగే కథగా రాసేవాళ్లు మరీ తక్కువ. అలాంటి 340 పేజీల రాతప్రతి ఒకటి నా దగ్గరికి ఎడిటింగ్‌కి వచ్చింది. రచయిత్రికి ఇరవై మూడేళ్లు. కృష్ణా డెల్టాలో పుట్టి పెరిగింది, హైదరాబాద్‌లో ఉద్యోగం, ఇదే మొదటి నవల. ఆమె సరేనన్నాకే ఇది రాస్తున్నాను. పుస్తకం ఇంకా అచ్చుకు వెళ్లలేదు కాబట్టి ఆమె పేరు, నవల పేరు చెప్పడం లేదు. ఇలాంటి కథతో కుస్తీ పడుతున్న రచయితలకు, ఎడిటర్లకు ఇందులో పనికొచ్చే సంగతులు కొన్ని ఉన్నాయి.

కథ

నూటయాభై ఏళ్ల తర్వాతి కాలం. ముసలితనాన్ని ఆపే సూది వచ్చింది. ఏడాదికోసారి వేయించుకుంటే వయసు పాతికేళ్ల దగ్గర నిలిచిపోతుంది. రోగాలు దాదాపు లేవు. ప్రతి మండలానికీ ఒక పరిమితి సంఖ్య ఉంటుంది. జనం ఆ సంఖ్య దాటకుండా ఉండాలని ఆఫీసు ఏటా లాటరీ తీసి కొందరి సూది ఆపేస్తుంది. సూది ఆగిన మనిషి ఏడాది తిరిగేలోపు ముసలివాడై చనిపోతాడు. ఆడమనిషికి జీవితం మొత్తంలో ఒకే బిడ్డకు పర్మిషన్. మండలం దాటాలన్నా పర్మిట్ కావాలి.

కథానాయికకు పదహారేళ్లు. ఆమె తల్లికి రెండో బిడ్డ, అంటే కాగితాల ప్రకారం పుట్టకూడని పిల్ల. పిల్లల్లేని పెద్దమ్మ పేరు మీద ఆమెను రాయించారు. అందుకే కన్నతల్లిని పదిమందిలో "పిన్నీ" అని పిలుస్తుంది. అలవాటు తప్పకుండా ఉండాలని ఇంట్లో కూడా పిన్నీ అనే పిలిపిస్తారు.

ఈ పిలుపు సంగతి మొదటి రాతప్రతిలో 212వ పేజీలో, ఒకే ఒక్క వాక్యంలో ఉంది. దానికి ముందు పదకొండు చావులు, రెండు పేలుళ్లు, ఒక ఛేజింగ్.

మొదటిసారి చదివినప్పుడు

అమ్మాయి రాత బాగుంది. పొలాల మీద డ్రోన్లు ఎగిరే దృశ్యం, కాలవ గట్టు మీద సూదుల క్యాంపు, క్యాంపు బయట మజ్జిగ అమ్మేవాడు, ఇవన్నీ కళ్లకు కట్టినట్టు ఉన్నాయి. కానీ చావు దృశ్యం మూడోసారి వచ్చేసరికి నాకు ఏమీ అనిపించలేదు. ఆఫీసును నడిపే విలన్ ప్రతి అధ్యాయంలోనూ ఒకే ఉపన్యాసం ఇస్తాడు: జనం పదేళ్లకోసారి రెట్టింపవుతున్నారు, భూమి మోయలేదు, కొందరు పోక తప్పదు. కథానాయిక దానికి ఎక్కడా జవాబు చెప్పదు. "ఇది అన్యాయం" అని మాత్రం అరుస్తుంది. పదహారేళ్ల పాఠకులు ఇక్కడే జారిపోతారు. విలన్ దగ్గర లెక్క ఉండి, హీరోయిన్ దగ్గర కన్నీళ్లే ఉంటే, పుస్తకం తెలియకుండానే విలన్ వైపు మొగ్గుతుంది.

ఈ రకం నవలలన్నిటికీ ఉన్న జబ్బే ఇది. 1798లో ఇంగ్లిష్ ఆర్థికవేత్త మాల్థస్ జనాభా మీద తన వ్యాసం అచ్చువేసినప్పటి నుంచీ "జనం పెరుగుతారు, తిండి చాలదు" అన్న మాట ఎవరూ ప్రశ్నించనక్కర్లేని సత్యంలా కథల్లోకి వచ్చేస్తోంది. రచయితలు దాన్ని పునాదిగా పెట్టుకుని, పైన భవంతి కడతారు. పునాదిని ఎవరూ తట్టి చూడరు. అందుకని కథలోకి వెళ్లకముందే కాగితం, పెన్ను తీసుకున్నాం.

లెక్క

మండలంలో 60,000 మంది ఉన్నారని ఆమే రాసింది. పరిమితి 1,50,000. సగం మంది ఆడవాళ్లు. లెక్కను వీలైనంత పైకి పోనిద్దాం: వీళ్లలో ఎవరికీ ఇంకా పిల్లలు పుట్టలేదు, ఎవరూ ఎప్పటికీ చావరు, ప్రతి ఆడమనిషీ ఒక బిడ్డను కంటుంది. మొదటి తరంలో పుట్టేది 30,000 మంది. వాళ్లలో ఆడపిల్లలు 15,000, కాబట్టి రెండో తరంలో పుట్టేది 15,000. తర్వాత 7,500. తర్వాత 3,750. ఇలా సగం, సగంలో సగం కలుపుకుంటూ పోతే మొత్తం 1,20,000కు దగ్గరవుతుంది కానీ దాన్ని ఎప్పటికీ దాటదు. వెయ్యేళ్లు గడిచినా దాటదు. గుణశ్రేఢి తెలిసిన ఏ పిల్లైనా ఈ లెక్క వేసేయగలదు.

అంటే ఒక్క బిడ్డ రూలు అమల్లో ఉన్నంతకాలం లాటరీ అవసరమే లేదు. మనుషులు అసలు చావకపోయినా పరిమితికి ఇంకా 30,000 ఖాళీ ఉంటుంది. పదేళ్లకు రెట్టింపు అన్న మాట ఏ వైపు నుంచి చూసినా కుదరదు.

ఆ కాగితం చూసి ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మేడమ్, అయితే నా నవల మొత్తం తప్పా?" అంది.

"నవల తప్పు కాదమ్మా. నీ ఆఫీసు చెప్పేది తప్పు. అది నీకు తెలిసింది, ఇంక ఆ పిల్లకు తెలియాలి."

లెక్కను రెండో వైపు నుంచి కూడా చూశాం. ఆడమనిషికి ఇద్దరు చొప్పున పుడితే? ప్రతి తరానికీ 60,000 చొప్పున కలుస్తూ పోతారు. రెండో తరానికే 1,80,000, పరిమితి దాటిపోయింది. అంటే లాటరీకి సమర్థన లేదు గానీ, ఒక్క బిడ్డ రూలుకు కొంత ఉంది. కథానాయిక ఆ రూలు దాటి పుట్టినదే. ఆఫీసు అబద్ధమాడుతోందని రుజువు చేసే లెక్కే, నువ్వు అదనం అని ఆమెకూ చెబుతుంది. ఈ ఇరుకు మొదటి రాతప్రతిలో లేదు. ఇప్పుడు నవల మధ్యభాగం అంతా దీని మీదే నిలబడింది. పదకొండు చావులు తీసేసినా పుస్తకం బలహీనపడకపోవడానికి కారణం ఇదే.

మరి లాటరీ ఎందుకు నడుస్తోంది? దీనికి ఆమె మొదట చెప్పిన జవాబులు సినిమా ఫక్కీలో ఉన్నాయి. పెద్దవాళ్ల కుట్ర, అవయవాల వ్యాపారం, రహస్య నగరం. అవన్నీ పక్కన పెట్టి, అసలు ఒక రూలు మన దగ్గర ఎలా పుడుతుంది, ఎలా బతుకుతుంది అని అడిగాను. సమాధానం కోసం ఊహించాల్సిన పని లేదు. మన చరిత్ర చాలు.

రూలు ఎలా బతుకుతుంది

ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం 1994లో వచ్చింది. ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్లు స్థానిక ఎన్నికల్లో పోటీ చేయకూడదని అందులో ఉంది. చట్టం వచ్చిన ఏడాది తర్వాత పుట్టిన పిల్లల నుంచి ఇది వర్తించింది. హర్యానాలో ఇలాంటి రూలునే సవాలు చేస్తే 2003లో సుప్రీంకోర్టు సమర్థించింది. ఈలోపు జనం మారిపోయారు. ఒక తరం స్థానంలో అంతే సంఖ్యలో ఇంకో తరం రావాలంటే స్త్రీకి సగటున 2.1 మంది పిల్లలు కావాలంటారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ సగటు 1.7, తెలంగాణ 1.8. అయినా ఆంధ్రప్రదేశ్‌లో రూలు అలాగే ఉంది. 2024 నవంబరులో అసెంబ్లీ దాన్ని తీసేసేదాకా ఉంది. తీసేసే సమయానికి ప్రభుత్వం మాట్లాడుతున్నది జనాభా తగ్గిపోతోందన్న బెంగ గురించి.

రచయిత్రికి ఇది పుస్తకాల్లో చదివిన విషయం కాదు. మూడో పిల్లను తమ్ముడి రేషన్ కార్డులో రాయించిన మనిషి గురించి చిన్నప్పుడు ఇంట్లో పెద్దవాళ్లు చెప్పుకుంటుంటే వింది. "పిన్నీ" అన్న పిలుపు అక్కడి నుంచే పుట్టింది. ఆ విషయం నాకు చెప్పాక, మరి 212వ పేజీలో ఎందుకు దాచావని అడిగాను. అది మామూలు సంగతి కదా, ఎవరికి ఇంట్రస్ట్ ఉంటుంది అనుకుందట. ఇప్పుడు అది మొదటి పేజీలో ఉంది.

మొత్తానికి లాటరీ వెనకాల కుట్ర ఏదీ లేదని తేల్చాం. సూది కొత్తగా వచ్చిన రోజుల్లో, ఒక్క బిడ్డ రూలు ఇంకా రాకముందు, ఐదేళ్ల కోసం తాత్కాలికంగా ఇచ్చిన జీవో అది. చివర "తదుపరి ఉత్తర్వులు వచ్చేవరకు" అని ఉంది. తదుపరి ఉత్తర్వులు రాలేదు. ఏటా ఒకరు సంతకం పెడుతున్నారు. సంతకం పెట్టేవాడికి కూడా ఎందుకు పెడుతున్నాడో తెలియదు, ఆపితే ఆడిట్‌లో తనే ఇరుక్కుంటాడని మాత్రం తెలుసు. విలన్ ఉపన్యాసాలన్నీ దీంతో ఎగిరిపోయాయి. అసలు విలనే ఎగిరిపోయాడు. ఆ స్థానంలోకి మండల ఆఫీసు సీనియర్ అసిస్టెంట్ ఒకాయన వచ్చాడు. మంచివాడు, పిల్లకు గుణశ్రేఢి నేర్పింది ఆయనే.

టార్గెట్

చావు దృశ్యాలు తీసేస్తే భయం ఎక్కడి నుంచి వస్తుందని ఆమె అడిగింది. న్యాయమైన ప్రశ్నే. అప్పుడు ఎమర్జెన్సీ గురించి చదవమన్నాను.

1976-77లో ఒక్క ఏడాదిలో దేశంలో 80 లక్షలకు పైగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు జరిగాయి, దానికి ముందు ఏడాదికి సుమారు మూడు రెట్లు. 1976 నవంబరులో హర్యానాలోని ఉట్టావర్ గ్రామాన్ని పోలీసులు చుట్టుముట్టి మగవాళ్లను పట్టుకెళ్లారు. ఆ పేరు ఇప్పటికీ చెప్పుకుంటారు. కానీ నవల రాసేవాళ్లకు దానికన్నా పనికొచ్చేది ఎమర్జెన్సీ అత్యాచారాల మీద విచారణ జరిపిన షా కమిషన్ ముందుకొచ్చిన చిన్న చిన్న సంగతులు. టీచర్లకు టార్గెట్లు. ఇన్ని "కేసులు" తీసుకురాకపోతే జీతం ఆగుతుంది. బడిలో పాఠం చెప్పే మనిషి సాయంత్రం ఊళ్లో మగవాళ్ల వెంటపడాలి. అతను దుర్మార్గుడేమీ కాదు, అతనికీ ఇల్లు గడవాలి. పైవాడు కిందివాడికి అంకె ఇస్తాడు, కిందివాడు ఇంకా కిందివాడికి ఇంకాస్త పెంచి ఇస్తాడు, చివరికి ఆ అంకె ఒక మనిషి శరీరం మీద ఆగుతుంది.

దీంతో ఆమెకు దారి దొరికింది. ఒక దృశ్యం ముందు ఎలా ఉండేదో, తర్వాత ఎలా మారిందో ఆమె అనుమతితోనే ఇస్తున్నాను. మొదటి రాతప్రతిలో:

"ఎర్రబారిన ఆకాశం కింద అతని ఆఖరి ఊపిరి గాల్లో కలిసిపోయింది. ఆమె గుండె ముక్కలైంది. ఈ క్రూర వ్యవస్థను కూల్చేస్తానని ఆ క్షణమే శపథం చేసింది."

ఇప్పుడు అదే చోట:

"లైను కదలడం లేదు. సర్వర్ డౌన్ అని లోపలి నుంచి ఎవరో అరిచారు. లైనులో ఉన్నవాళ్ల మొహాలు వెలిగాయి. సర్వర్ డౌన్ అయితే ఇవాళ వేలిముద్ర పడదు, వేలిముద్ర పడకపోతే రద్దు నమోదు కాదు. రేపటిదాకా అందరూ బతికున్నట్టే లెక్క. మామయ్య వెనక్కి తిరిగి, 'పద, టీ తాగుదాం' అన్నాడు. రెండో గ్లాసు సగంలో ఉండగా సర్వర్ వచ్చింది."

రెండో దాంట్లో ఎవరూ చావలేదు, ఎవరూ ఏడవలేదు. చదివినవాళ్లు మాత్రం ఇక్కడే పుస్తకం కాసేపు పక్కన పెట్టామన్నారు.

చావు లేని ఇంట్లో ఏమేం ఉండవు, ఏమేం మారతాయి అన్నది ఇంకో పెద్ద పని. మొదటి రాతప్రతిలో మనుషులు ముసలితనం లేకుండా ఏళ్ల తరబడి బతుకుతారు, కానీ ఇళ్లు మాత్రం ఇప్పటిలాగే ఉంటాయి. ఆస్తి పంపకం ఎప్పుడు? తండ్రి పోతే కదా పొలం కొడుక్కి వచ్చేది. ముత్తాత, తాత, తండ్రి, కొడుకు నలుగురూ పాతికేళ్ల మొహాలతో ఒకే అరెకరం మీద కూర్చుంటే ఆ ఇంట్లో పెత్తనం ఎవరిది? తద్దినాలు లేకపోతే ఆ బంతిభోజనాల్లో కలుసుకునే చుట్టాలు ఎక్కడ కలుస్తారు? సూది ఆగినవాడికి కర్మ చేయాలంటే, చేయించడం తెలిసినవాళ్లు ఎవరైనా మిగిలారా? చివరి ప్రశ్నకు ఆమె రాసిన జవాబు నాకు చాలా ఇష్టం. ఆ విద్య మర్చిపోని ఒక పురోహితుడు మండలాలు తిరుగుతుంటాడు. ఆయన దగ్గర దొంగ పర్మిట్ ఉంటుంది, అది దొంగదని తెలిసీ ఏ చెక్‌పోస్టులోనూ ఆయన్ని ఆపరు.

మృత్యువు ఒప్పుకోని కథ

మూడో భాగం దగ్గర బాగా ఆగిపోయాం. మొదటి రాతప్రతిలో కథానాయిక ఆఫీసును పేల్చేస్తుంది. కొత్త కథలో ఆమె ఆ ఆఫీసులోనే అప్రెంటిస్. ఒకరోజు సీనియర్ అసిస్టెంట్ సెలవు పెడతాడు, సూది రద్దు చిట్టా మీద ముద్ర ఆమే వేయాలి. వేస్తుందా? వేయకపోతే ఏమవుతుంది?

ఇక్కడ నాకు గుర్తొచ్చింది మహాభారతం శాంతిపర్వం. ఈ మృత్యువు ఎక్కడి నుంచి వచ్చిందని ధర్మరాజు అడిగితే భీష్ముడు చెప్పిన కథ. సృష్టి మొదట్లో చావు లేదు. ప్రాణులు పెరిగిపోయి లోకంలో ఊపిరి తీసుకునే చోటు లేకుండా పోయింది. బ్రహ్మకు కోపం వచ్చి, ఆ కోపం మంటై లోకాల్ని కాల్చడం మొదలుపెట్టింది. శివుడు అడ్డుపడి వేడుకుంటే బ్రహ్మ ఆ మంటను తనలోకి లాక్కున్నాడు. అప్పుడు ఆయన శరీరం నుంచి ఎరుపు, నలుపు బట్టలు కట్టుకున్న ఒక స్త్రీ పుట్టింది. ఆమే మృత్యువు. ప్రాణుల్ని చంపమని బ్రహ్మ చెబితే ఏడ్చేసింది. కన్నబిడ్డల్ని, తోడబుట్టినవాళ్లను, స్నేహితుల్ని నేనెలా తీసుకుపోతాను, మిగిలినవాళ్ల కన్నీళ్లకు భయం వేస్తోంది అంది. వెళ్లి ఒంటికాలి మీద తపస్సు చేసింది. ఎన్ని యుగాలు చేసినా బ్రహ్మ మాట మార్చలేదు. చివరికి శాపానికి భయపడి ఒప్పుకుంది. ఆమె కార్చిన కన్నీళ్లే రోగాలయ్యాయి, పాపం ఆమెకు అంటదని బ్రహ్మ వరమిచ్చాడు.

జనాభా పెరిగింది, కొందరు పోవాలి, ఆ పని ఒక అమ్మాయి నెత్తిన పెట్టారు, ఆమె కాదంది. మనం డిస్టోపియా, అంటే భయంకరమైన భవిష్యత్తు కథ, అని పిలుచుకునేది మొత్తం ఇందులో ఉంది. ఈ కథలో నాకు ఎప్పుడూ గుచ్చుకునేది చివరి ఏర్పాటు. చావు రోగం రూపంలో వస్తుంది, కాబట్టి చంపింది ఎవరని ఎవరూ అడగరు. నవల్లో ఆఫీసు కూడా అదే చేస్తుంది: మేం ఎవర్నీ చంపడం లేదు, సూది ఇవ్వడం ఆపామంతే, పోయింది వయసు వల్ల.

నాయనమ్మ చేత ఈ పురాణకథ చెప్పిస్తానని రచయిత్రి ఉత్సాహపడింది. వద్దన్నాను. చెప్పిస్తే పాఠకులకు పాఠం చెప్పినట్టవుతుంది. దానికి బదులు కథానాయికను తపస్సులో నిలబెట్టమన్నాను. అంటే, ఆమె ముద్ర వేయను అనదు, వేస్తాను అనీ అనదు. ప్రతి ఫైలుకూ ఒక కొర్రీ వేస్తుంది. పుట్టిన తేదీ అక్షరాల్లో లేదు, సాక్షి సంతకం సరిపోలలేదు, ఫొటో పాతది, పై ఆఫీసు క్లారిఫికేషన్ కావాలి. మన ఆఫీసుల్లో పనులు జరగకుండా ఆపే విద్యలన్నీ ఆమె మనుషుల ప్రాణాలు ఆపడానికి వాడుతుంది. ఈ అధ్యాయం చదువుతూ నవ్వాను, చివర్లో నవ్వు ఆగిపోయింది. ఎందుకంటే పెండింగ్ పెరిగితే పై ఆఫీసు నుంచి ఇన్‌స్పెక్షన్ వస్తుంది, ఇన్‌స్పెక్షన్ వస్తే ముందుగా చూసేది ఉద్యోగుల పుట్టుక కాగితాలే.

పిల్లలతో చదివించడం

పెద్దల అనుమతి తీసుకుని కొందరు హైస్కూలు, ఇంటర్ పిల్లలకు రాతప్రతి ఇచ్చాం. లెక్క ఉన్న అధ్యాయం బోర్ కొడుతుందని భయపడ్డాం, కొట్టలేదు. ఒకమ్మాయి అయితే పుస్తకం వెనక తనే లెక్క వేసి, కవల పిల్లలు పుడితే రూలు ఏమిటని అడిగింది. నవల్లో దానికి జవాబు లేదు. ఇప్పుడు ఉంది, దానికోసం ఒక చిన్న పాత్ర కూడా వచ్చింది. ఇంకో కుర్రాడు, "వాళ్ల నాన్న ఎక్కడ? అన్నీ అమ్మ, పెద్దమ్మే పడుతున్నారు" అన్నాడు. నిజమే, నాన్న పాత్ర మూడు పేజీల తర్వాత మాయమైపోయింది.

ఒక విషయంలో మాత్రం పిల్లల మాట కోసం చూడలేదు. మొదటి రాతప్రతిలో ఒక స్నేహితుడు తన సూదిని తనే వదులుకుంటాడు, ఊరంతా అతన్ని వీరుడిగా ఊరేగిస్తుంది. ఆ అధ్యాయాన్ని అలా ఉంచడానికి నేను ఒప్పుకోలేదు. ఇంటర్ రిజల్ట్స్ వచ్చే రోజుల్లో మన ఇళ్లలో ఉండే టెన్షన్ తెలిసినవాళ్లెవరూ ఒప్పుకోరు. తను లేకపోతే అందరికీ మేలు అనుకునే పిల్లవాడికి, నిజమే, నీకు దండలు వేస్తాం అని చెప్పే పుస్తకం చేతికివ్వకూడదు. పిల్లల పుస్తకాల్లో చావు ఉండకూడదని కాదు. ఆ కుర్రాడు ఇప్పటికీ వదులుకుంటానని వెళతాడు, కానీ క్యాంపు దగ్గర మజ్జిగ అమ్మేవాడు పలకరిస్తాడు, కూర్చోబెడతాడు, ఇంటికి ఫోన్ చేస్తాడు. ఊరేగింపు లేదు. ఫోన్ చేశాక వాళ్ల నాన్న సైకిల్ మీద రావడం, దారి పొడుగునా ఇద్దరూ మాట్లాడకపోవడం ఉన్నాయి. రచయిత్రి దీని మీద నాతో గట్టిగానే వాదించింది. డ్రామా పోయిందని ఇప్పటికీ కొంచెం బాధగా ఉందంటుంది.

ప్రస్తుతం

రాతప్రతి 260 పేజీలకు వచ్చింది. భాష ఇంకా సాపు చేయాలి, మొదటి భాగంలో డ్రోన్లు అవసరానికి మించి ఎగురుతున్నాయి. చదివిన ఒక ప్రచురణకర్త నచ్చిందంటూనే రెండు మాటలన్నారు. ఒకటి, దీన్ని ఏ అరలో పెట్టాలి? బాలసాహిత్యంలో పెడితే తల్లిదండ్రులు ఉలిక్కిపడతారు, పెద్దల నవలల్లో పెడితే పిల్లలు అటు రారు. రెండు, చివర జీవో రద్దయినట్టు చూపించమన్నారు.

మొదటి దానికి నా దగ్గర జవాబు లేదు. ఆ అర మన పుస్తకాల షాపుల్లో ఇంకా తయారు కాలేదు. రెండో దాని మీద రచయిత్రి ఆలోచిస్తోంది. రొమేనియాలో 1966లో ఏం జరిగిందో నేను చెప్పినప్పటి నుంచి ఆమె ఊహ వేరే వైపు పోతోంది. అక్కడ ప్రభుత్వం జనాన్ని తగ్గించడానికి కాదు, పెంచడానికి డిక్రీ తెచ్చింది. గర్భస్రావం దాదాపుగా నిషేధించింది, ఆడవాళ్ల శరీరాల మీద నిఘా పెట్టింది. అంకె తగ్గించాలన్నా, పెంచాలన్నా అదే ఆఫీసు, అదే రిజిస్టర్. అందుకని ఆమె రాసిన తాజా ముగింపులో లాటరీ జీవో నిజంగానే రద్దవుతుంది, ప్రచురణకర్త అడిగినట్టే. దాని కింద, అదే తేదీతో, ప్రతి ఆడమనిషీ ముగ్గుర్ని కనాలని ఇంకో జీవో ఉంటుంది. ఈ ముగింపు ప్రచురణకర్తకు ఇంకా పంపలేదు. సీనియర్ అసిస్టెంట్ దాని మీద సంతకం పెడతాడా లేదా అన్న చోట మా ఇద్దరికీ ఇంకా కుదరడం లేదు. పెడతాడని నేను, పెట్టడని ఆమె.